పేరు పెట్టువారు, పేరు కాపాడువారు: గ్రంథాలయములలో సామాజిక ట్యాగింగు – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

ప్రతి సంవత్సరము శ్రమల దినములు సమీపించినప్పుడు కాపరులు సెమినరీ గ్రంథాలయమునకు వచ్చి తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "అయ్యగారూ, ఏడు మాటల మీద ఏమైనా ఉన్నదా?" అని అడుగుతారు. శుభ శుక్రవారమున సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానించుట మన సంఘములలో తరతరముల ఆచారము గనుక ఆ ప్రశ్న మన వారిలో ఎవరికైనా అర్థమవుతుంది. అయితే మేము ఎరిగిన ఒక గ్రంథాలయపు కేటలాగులో "ఏడు మాటలు" అని వెదకినవారికి ఏమియు దొరకలేదు. ఆ పుస్తకములు డ్యూయీ పద్ధతి చొప్పున క్రీస్తు జీవితమునకు చెందిన 232.9 సంఖ్య కింద, ఇంగ్లీషు విషయ శీర్షికతో, బీరువాలో భద్రముగానే ఉన్నవి. పుస్తకము ఉన్నది, చదువరి ఉన్నాడు, ఇద్దరి మధ్య మాట మాత్రము కలియలేదు.

ఇట్లు మాట కలియకపోవుటకు సుమారు ఇరవై సంవత్సరముల క్రితము ఒక పరిష్కారము ముందుకు వచ్చింది. పుస్తకమునకు విషయ శీర్షిక ఇచ్చే పనిని గ్రంథపాలకునికే విడిచిపెట్టక, చదువరులే తమకు తోచిన గుర్తు మాటలను తగిలించవచ్చును అన్నదే ఆ పరిష్కారము. ఆ గుర్తు మాటను ట్యాగు అనియు, అనేకులు కలిసి చేసే ఈ పనిని సామాజిక ట్యాగింగు అనియు అంటారు. 2004లో థామస్ వాండర్ వాల్ అనే అమెరికా దేశస్థుడు, జనము అను అర్థము గల మాటను వర్గీకరణ అను అర్థము గల మాటతో కలిపి, దీనికి "ఫోక్సానమీ" అని పేరు పెట్టాడు. గ్రంథపాలకులు ఈ పనిని, దీనితోపాటు వచ్చిన ఇతర వెబ్ పరికరములను నేర్చుకొనుటకు చేసిన యత్నములలో మిక్కిలి పేరు పొందిన ఒకదానిని ఈ వ్యాసములో పరిశీలించదలచినాము. ఆ శిక్షణ ఏమి నేర్పింది? దేనిని నేర్పక విడిచింది? తెలుగులో పని చేసే మన సెమినరీ గ్రంథాలయములు దాని నుండి ఏమి గ్రహించవలెను? ఈ మూడే మా ప్రశ్నలు.

1. ఇరవై మూడు పనుల శిక్షణ

2006 ఆగస్టులో అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రమందున్న షార్లెట్ మెక్లెన్‌బర్గ్ కౌంటీ ప్రజా గ్రంథాలయము తన ఉద్యోగుల కొరకు "లెర్నింగ్ 2.0" అనే శిక్షణను ప్రారంభించింది. దానిని రూపొందించినది అచ్చట సాంకేతిక విభాగమును చూచుచుండిన హెలీన్ బ్లోవర్స్. గ్రంథాలయ రంగమునకు చెందిన స్టీఫెన్ ఏబ్రమ్ ఆ సంవత్సరమే వ్రాసిన ఒక వ్యాసములో, మనము ఈ ఏడు చేసి చూడదగిన నలువది మూడు పనులని ఒక పట్టిక ఇచ్చాడు. ఆ ఆలోచన నుండి ఆమె ఇరవై మూడు చిన్న పనులను ఏర్పరచి తొమ్మిది వారములకు పంచారు. సొంత బ్లాగు తెరచుట, ఫ్లికర్‌లో ఛాయాచిత్రములు చూచుట, లైబ్రరీథింగ్‌లో తమ పుస్తకములను నమోదు చేయుట, డెలిషియస్‌లో వెబ్ చిరునామాలకు ట్యాగులు తగిలించుట, వికీలో వ్రాయుట మొదలైనవి ఆ పనులు. అన్నియు ముగించినవారికి పాటలు వినే ఎంపీ3 ప్లేయరు బహుమానము. ఎవరైనను వాడుకొనవచ్చునని అనుమతి ఇచ్చినందున ఈ పాఠములు అనేక దేశముల గ్రంథాలయములకు వ్యాపించినవి.

ఈ శిక్షణలో మెచ్చుకొనదగినవి మూడు ఉన్నవి. మొదటిది, ఇది కంప్యూటరు తెలిసిన కొద్దిమందికే గాక ప్రతి ఉద్యోగికిని ఉద్దేశింపబడినది. రెండవది, ఉపన్యాసము వినిపించి పంపివేయక, ఎవరి వేలితో వారు నొక్కి నేర్చుకొనునట్లు చేసింది. మూడవది, తప్పు చేయుటకు భయపడనక్కరలేదని చెప్పి, ఆటగా నేర్చుకొనమన్నది. ఏబది దాటిన మా వంటివారికి ఈ మూడవ దాని విలువ బాగుగా తెలియును. మనుమని వయసున్న విద్యార్థి ఎదుట "ఇది ఎట్లు తెరవాలి నాయనా?" అని అడుగుటకు ఎంత తగ్గించుకొనవలెనో అనుభవించినవారికే తెలియును. ఆ సిగ్గును తీసివేసినందుకు ఈ శిక్షణకు మా వందనములు.

అయినను ఒక లోపము దాని పట్టికలోనే కనబడుచున్నది. పనులలో ఎక్కువ భాగము పరికరముల పేర్లతో నడచినవి. వడ్రంగి తన కుమారునికి ఉలి, బాడిస, రంపము పట్టుకొనుట నేర్పి, ఏ కర్ర ఏ పనికి తగునో చెప్పకపోతే ఆ కుర్రవాడు పరికరములు ఎరిగినవాడగునే గాని వడ్రంగి కాడు. ట్యాగింగు ఈ పట్టికలో పదమూడవ పని. డెలిషియస్‌ను చూచి, అది పరిశోధనకు ఉపయోగపడునో లేదో తలపోయుమని అందులో అడిగారు. ఆ ప్రశ్న మంచిదే. కాని ట్యాగు వలన కేటలాగు భాషకు ఏమి జరుగును, పొంతన లేని మాటలను ఎవరు కలుపుదురు, ఆ మాటలను ఎవరు భద్రపరచుదురు అన్న ప్రశ్నలకు ఒక వారపు పనిలో చోటు దొరకలేదు. గ్రంథపాలకుని అసలు పని అచ్చటనే ఆరంభమగుచున్నదని మా అభిప్రాయము.

2. చదువరి మాటకు గల విలువ

పేరు ఎల్లప్పుడును అధికారుల నుండియే రావలెనని లేదు. శిష్యులు మొట్టమొదట అంతియొకయలో క్రైస్తవులనబడిరని అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయము తెలుపుచున్నది. ఆ పేరు సంఘము తనకు తాను పెట్టుకొన్నది కాదనియు, ఊరివారు పెట్టినదనియు వ్యాఖ్యాతలలో అనేకులు తలంచుదురు. జనులు తగిలించిన మాటయే నిలిచి నేటికిని మన పేరై యున్నది. కనుక జనుల మాట అనగానే తక్కువది అని త్రోసివేయుట మనకు తగదు.

గ్రంథాలయ చరిత్ర కూడ ఇదే చెప్పుచున్నది. వంట పుస్తకములకు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చాల కాలము "కుకరీ" అనే పాతబడిన మాటనే శీర్షికగా ఉంచింది. ఆ దేశపు చదువరులు "కుకింగ్" అని అడిగేవారు. 2010లో గాని ఆ శీర్షిక మారలేదు. ఇది చిన్న విషయము. మనుష్యులను గూర్చిన మాటలైతే దెబ్బ లోతుగా తగులుతుంది. 1971లో శాన్‌ఫర్డ్ బెర్మన్ అనే గ్రంథపాలకుడు "ప్రెజుడిసెస్ అండ్ యాంటిపతీస్" అనే పుస్తకము వ్రాసి, ఆ విషయ శీర్షికలలో జాతుల పట్ల, స్త్రీల పట్ల, బీదల పట్ల దాగియున్న చిన్నచూపును ఒక్కొక్కటిగా ఎత్తి చూపాడు. అనుమతి లేకుండ దేశములో నివసించువారికి ఆ గ్రంథాలయము వాడిన "ఇల్లీగల్ ఏలియన్స్" అన్న శీర్షికపై ఒక కళాశాల విద్యార్థులు 2014లో విన్నపము ఆరంభించగా, దానిని తొలగించు నిర్ణయము 2021 నవంబరులో వెలువడింది. మన దేశపు దళితులను "అన్‌టచబుల్స్" అన్న శీర్షిక కింద ఉంచిన కాలము కూడ ఉన్నది. కాలక్రమములో "దళిత్స్" అన్న మాట దాని స్థానములోనికి వచ్చింది. దళిత దైవశాస్త్రము చదువుటకు వచ్చిన విద్యార్థి తన ప్రజలు తిరస్కరించిన మాటనే టైపు చేసి తన పుస్తకమును వెదకవలసి వచ్చుట ఎంత బాధాకరమో వేరుగా చెప్పనక్కరలేదు.

వర్గీకరణ కూడ ఎవరో ఒకరు నిలిచిన చోట నుండి చూచిన చూపే. 1876లో వెలువడిన డ్యూయీ పద్ధతిలో మతమునకు ఇచ్చిన 200 సంఖ్యలలో బైబిలు, క్రైస్తవ్యము 220 నుండి 280 వరకు విస్తరించగా, లోకములోని ఇతర మతములన్నియు 290లో సర్దుకొనవలసి వచ్చినవి. 1933లో ఎస్. ఆర్. రంగనాథన్ ప్రకటించిన కోలన్ పద్ధతిలో వైదిక మతముతో వరుస ఆరంభమగును, క్రైస్తవ్యము ఆరవ స్థానములో వచ్చును. మన సెమినరీలు డ్యూయీని సౌకర్యముగా వాడుకొనుచున్నవంటే, ఆ పద్ధతి మనవైపు ఒరిగియుండుటయే అందుకు కొంత కారణమని ఒప్పుకొనవలెను.

జనులకు అవకాశమిస్తే కేటలాగు పాడగునని కొందరు భయపడిరి. ఆ భయమునకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అనుభవమే జవాబు. 2008 జనవరిలో ఆ గ్రంథాలయము తన ఛాయాచిత్రములను సుమారు 3,100 ఫ్లికర్‌లో ఉంచి, ట్యాగులు తగిలించుమని ప్రజలను ఆహ్వానించింది. అదే సంవత్సరము అక్టోబరులో వచ్చిన నివేదిక ప్రకారము 2,518 ఖాతాల నుండి 67,176 ట్యాగులు వచ్చినవి. తగనివని తీసివేయవలసి వచ్చినవి ఇరవై ఐదు కూడ లేవు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి ఉన్నది. ప్రజలు ఇచ్చిన సమాచారమును గ్రంథాలయ సిబ్బంది సరిచూచి, 500కు పైగా చిత్రముల వివరములను తమ సొంత కేటలాగులో సవరించారు. సమాచారము ఫ్లికర్ ద్వారా వచ్చినదని కూడ నమోదు చేశారు. చదువరి మాట పలికాడు, గ్రంథపాలకుడు పరీక్షించాడు, మాట గ్రంథాలయపు కేటలాగులో చేరింది. ఈ మూడు మెట్లు కలిసిన చోటనే ట్యాగింగు ఫలించిందని మేము గమనించినాము.

3. తెలుగు మాటల చిక్కు

ఇంతవరకు చెప్పినది ఇంగ్లీషు అనుభవము. తెలుగులో ట్యాగులు తగిలిస్తే ఏమగును? మూడు చిక్కులు వెంటనే ఎదురగును.

మొదటిది, ఒకే మాటకు అనేక అర్థములు. "కీర్తనలు" అని ట్యాగు పెట్టామనుకొందము. దావీదు కీర్తనల వ్యాఖ్యానము దాని కింద చేరును. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును చేరును. ప్రజా గ్రంథాలయమైతే అన్నమయ్య, రామదాసు కీర్తనలును చేరును. "వేదాంతము" అన్న మాట ఇంకను చిక్కైనది. మన కళాశాలల పేర్లలో అది దైవశాస్త్రమని అర్థము. బయట అదే మాట శంకరుల, రామానుజుల దర్శనమును తెలుపును. "సంఘము" అనగా మనకు ఆరాధించు విశ్వాసుల సమూహము, ఇతరులకు సహకార సంఘమో కార్మిక సంఘమో కావచ్చును.

రెండవది, ఒకే అర్థమునకు అనేక మాటలు. మనము బాప్తిస్మము అంటాము, కతోలిక సహోదరులు జ్ఞానస్నానము అంటారు. మనము పరిశుద్ధాత్మ అంటే వారు పవిత్రాత్మ అంటారు. ప్రభురాత్రి భోజనము, ప్రభు సంస్కారము, దివ్యసత్ప్రసాదము అను మాటలు ఒకే బల్ల యొద్దకు నడిపించే మూడు త్రోవలు. ఒక సంఘపు మాటతో వెదకినవానికి మరియొక సంఘపు పుస్తకము కనబడదు. ఇది వట్టి సాంకేతిక నష్టము కాదు. తన సహోదరుడు ఏమి వ్రాసాడో తెలియకుండగనే విద్యార్థి తన పరిశోధన ముగించును, మన ఎడబాటును కేటలాగే కాపాడుచున్నట్లగును.

మూడవది, వ్రాత భేదములు. వేదాంతము, వేదాంతం అని రెండు విధముల వ్రాస్తాము. బాప్తిస్మము, బాప్టిజం, బాప్తీస్మం అనియు కనబడును. తెలుగు కీబోర్డు అలవాటు లేనివారు ఇంగ్లీషు అక్షరములలో తెలుగును ఎవరికి తోచినట్లు వారు వ్రాస్తారు. యంత్రమునకు ఇవన్నియు వేరు వేరు మాటలే.

ట్యాగింగు ఈ చిక్కులను తీర్చదు, వాటిని బయటపెట్టును. తీర్చుటకు రెండు సంఘముల మాటలను ఎరిగి, రెంటిని గౌరవించి, ఇది అదే అని ముడి వేయగల మనిషి కావలెను. లైబ్రరీథింగ్‌లో ఒకే అర్థము గల ట్యాగులను సభ్యులు కలుపుటకు ఏర్పాటు ఉన్నది. కాని కలుపవచ్చునో లేదో తేల్చేది యంత్రము కాదు, భాష ఎరిగినవారే. కీర్తనలను మూడుగా విడదీయుటయు, బాప్తిస్మమును జ్ఞానస్నానముతో జతపరచుటయు ఏ పరికరపు బొత్తాము నొక్కినను జరిగే పని కాదు.

4. పేర్లు ఎవరి ఇంట ఉన్నవి?

ఇరవై మూడు పనుల శిక్షణ నేర్పక విడిచిన రెండవ పాఠమును కాలమే నేర్పింది. డెలిషియస్‌ను 2003లో జాషువా షాక్టర్ ఆరంభించాడు. 2005లో యాహూ దానిని కొన్నది. 2011లో అమ్మివేసింది. అటు తరువాత అది పలు చేతులు మారి, 2017లో పిన్‌బోర్డ్ అనే పోటీ సేవ దానిని కొని, క్రొత్తగా ఏమియు చేర్చుటకు వీలులేకుండ నిలిపివేసింది. గూగుల్ రీడర్ 2013లో మూతపడింది. ఫ్లికర్ 2018లో స్మగ్‌మగ్ అనే సంస్థ చేతికి మారింది. లైబ్రరీథింగ్ మాత్రము నేటికిని నడచుచున్నది. 2006లో గ్రంథపాలకులు శ్రద్ధగా నేర్చుకొన్న పరికరములలో కొన్ని పదేండ్లు తిరుగకముందే మూలపడినవి.

మేమును ఈ నష్టమును కొంత ఎరుగుదుము. ప్రసంగముల కొరకు ఏరుకొన్న వ్యాసముల చిరునామాలను ఒక ఉచిత సేవలో ఉంచి, ఒక్కొక్కదానికి వాక్యభాగమును గుర్తుగా తగిలించుచు కొన్ని సంవత్సరములు గడిపినాము. ఒక ఉదయము తెరచి చూడగా ఆ సేవ లేదు. హెచ్చరిక పంపియుందురు, మేము చూడలేదు. వ్యాసములలో చాల భాగము తిరిగి దొరికినవి గాని, ఏది ఏ వాక్యమునకు ఉపయోగపడునో వ్రాసుకొన్న మా గుర్తులు దొరకలేదు. పోయినది వేరొకరి వస్తువు కాదు, మా సొంత ఆలోచన.

కార్డు కేటలాగు ఎంత పాతదైనను ఇట్లు ఒక్క దినములో మాయము కాదు. గ్రంథపాలకుడు విరమించినను కార్డు మీద అతని చేవ్రాత నిలిచియుండును. కనుక సామాజిక ట్యాగింగును మెచ్చువారిని మేము అడుగవలసినది ఇదే: చదువరులు శ్రమించి ఇచ్చిన మాటలను మీరు ఎవరి ఇంట దాచుచున్నారు? ఆ ఇల్లు రేపు మూసివేస్తే మీ యొద్ద ప్రతి ఉన్నదా?

5. మన సెమినరీలకు చేయదగినవి

విమర్శించి విడిచిపెట్టుట మా ఉద్దేశము కాదు. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో నాలుగవది చదువరి కాలమును మిగుల్చుటను గూర్చినది. ఏ పరికరమునైనను ఆ కొలతతోనే చూడవచ్చును. ఆ కొలతను బట్టి నాలుగు సూచనలు మనవి చేయుచున్నాము.

మొదటిది, సొంత కేటలాగులోనే ట్యాగులకు చోటు ఇవ్వవలెను. న్యూజిలాండులో పుట్టి 2000లో వాడుకలోనికి వచ్చిన కోహా అనే ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఏర్పాటు ఉన్నది. చదువరి ఇచ్చిన ట్యాగును గ్రంథపాలకుడు ఆమోదించిన తరువాతనే చూపునట్లు కూడ దానిలో నియమించుకొనవచ్చును. మన దేశములో అనేక కళాశాలలు దానిని వాడుచున్నవి గనుక ఇది మనకు అందని పని కాదు.

రెండవది, చదువరులు అడిగిన మాటలను వ్రాసి ఉంచవలెను. కంప్యూటరు లేని చోట కౌంటరు మీద ఒక నోటు పుస్తకము చాలును. వెదకి దొరకక వెళ్లినవారి మాటలు ముఖ్యముగా వ్రాయదగినవి. మన కేటలాగులో ఏ మాట కొరవడినదో మనకు తెలుపగలవారు వారే.

మూడవది, సెమినరీలు కలిసి ఒక తెలుగు పర్యాయపదముల పట్టిక సిద్ధపరచవలెను. కతోలిక, ప్రొటెస్టెంటు పండితులు ఒక బల్ల యొద్ద కూర్చుండి చేయవలసిన పని ఇది. ఎవరి మాటను వారు విడువనక్కరలేదు, ఒక మాటతో వెదకినవానికి రెండవ మాట కిందనున్న పుస్తకము కనబడితే చాలును.

నాలుగవది, శిక్షణ ఇచ్చునప్పుడు పరికరముల పేర్లతో కాక ప్రశ్నలతో ఆరంభించవలెను. ఈ మాట ఎవరిని గాయపరచును? ఎవరిని బయట నిలుపును? ఈ పేరు పదేండ్ల తరువాత ఎక్కడ ఉండును? ఈ మూడు ప్రశ్నలు అడుగుట నేర్చిన గ్రంథపాలకునికి రేపు రాబోయే ఏ పరికరమైనను క్రొత్త కాదు. ఇప్పుడు యంత్రమే పుస్తకమును చదివి విషయ శీర్షికలను సూచించే దినములు వచ్చినవి. ఆ యంత్రమునకును ఇవే ప్రశ్నలు వేయవలెను.

ముగింపు

షార్లెట్‌లో ఆరంభమైన ఆ శిక్షణ గ్రంథపాలకుల భయమును తీర్చింది. చదువరికి పేరు పెట్టే హక్కు ఉన్నదని వారికి చూపింది. అందుకు అది గౌరవింపదగినది. పేరు పెట్టుట కంటె ఆ పేరును పరీక్షించి, మరియొక పేరుతో కలిపి, కాపాడుట కష్టమైన పని అని మాత్రము అది చెప్పలేదు. చదువరి ఆ పనిలో పాలివాడు కావలెను. గ్రంథపాలకుడు దాని నుండి తప్పుకొనరాదు. ఇదే ఈ వ్యాసములో మేము చెప్పదలచినది.

మేము మొదట చెప్పిన గ్రంథాలయములో ఆ సంగతిని గ్రంథపాలకునికి తెలియజేసినాము. ఆయన వాదించలేదు. ఆ పుస్తకముల కార్డులను తీసి, ఇంగ్లీషు శీర్షిక కింద సిరాతో "ఏడు మాటలు" అని వ్రాసి, అదే పేరుతో వేరొక కార్డు కూడ అక్షర క్రమములో చేర్చారు. మరుసటి శ్రమల దినములలో ఒక యౌవన కాపరి వచ్చి, సొరుగు లాగి చూచి, ఎవరినీ అడుగకుండ బీరువా యొద్దకు వెళ్లి పుస్తకము తీసికొన్నాడు.